అమ్మమ్మ లేసులు, ఆబిడ్స్ దాకా

హైదరాబాదు వెళ్ళి కూడా చార్మినార్ చూడకుండా తిరిగొచ్చింది మా వీధి మొత్తానికి మేమిద్దరమేనట. ఆదివారం చర్చి మెట్ల మీద ఎవరు కనిపించినా అదే మాట. నలుగురి మధ్య నిలబడి జవాబు చెప్పడం నాకు చేతకాదు. కాగితం మీదైతే ఫరవాలేదు. మేము చూసిందల్లా నాంపల్లి స్టేషను దగ్గర ఒక సందు, ఆబిడ్స్‌లో ఒక సందు, ఆ రెంటికీ మధ్య దారి. అయినా చెప్పుకోవడానికి చాలా ఉంది.

మేమిద్దరం అంటే నేనూ, మా అమ్మమ్మా. మా నరసాపురంలో లేసు అల్లే ఆడవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు గానీ, అమ్మమ్మ అల్లిక వేరు. సన్నటి నూలు, చిన్న కొక్కెం సూది, ఒళ్ళో ఒక తువ్వాలు. అంతే ఆవిడ కార్ఖానా. ద్రాక్షగుత్తులు, అనాసపళ్ళు, తోక విప్పిన నెమళ్ళు ఆ వేళ్ళలోంచి వచ్చి బల్లగుడ్డలై ఏజెంటు చేతికి వెళ్ళేవి. వెళ్ళిన ముక్క మళ్ళీ కంటపడదు. ఆవిడ ఏ డిజైనూ కాగితం మీద గీయలేదు, మచ్చుకి ముక్క దాచుకోలేదు.

కంటి నరం దెబ్బతిని చూపు మందగిస్తున్న రోజుల్లో, మావయ్య మస్కట్ నుంచి తెచ్చిన డిజిటల్ కెమెరాతో ఆవిడ అల్లిన ప్రతి ముక్కనీ ఏజెంటు వచ్చేలోగా నేను ఫొటోలు తీశాను. దూరం నుంచి ఒకటి, కన్నాలు లెక్కపెట్టేంత దగ్గర నుంచి కొన్ని. ఇప్పుడు ఆవిడ సూది పట్టడం లేదు. సాయంత్రాలు నేను కంప్యూటర్లో ఒక ఫొటో తెరిస్తే, పక్కన కూర్చుని, "మూడో వరసలో ఏం కనపడుతుందే? గొలుసు కుట్టా, కన్నం మూసేసిన గుడ్డి గడా?" అని అడుగుతుంది. నేను చెబుతాను. ఆవిడ తల ఊపుతుంది. మా ఇద్దరికీ ఇంతకు మించిన కాలక్షేపం లేదు.

ఆ ఫొటోలన్నీ ఉన్నది ఒక్క చోటే. కెమెరా కార్డు నిండగానే కంప్యూటర్లో వేసి కార్డు తుడిచేసేదాన్ని. సీడీలు చేయిద్దామంటే అమ్మమ్మ ఒప్పుకోలేదు. సీడీలు చేసే స్టూడియో ఆయన భార్యకి లేసు పని ఉంది. "ఆవిడ ఒక్కసారి చూసిందంటే వచ్చే నెలకి బజారంతా నా నెమలే" అంది. లేసు ఇళ్ళలో ఇది మామూలే. పొరుగావిడ గుమ్మంలోకి రాగానే ఒళ్ళోని పనిమీద తువ్వాలు కప్పేస్తారు. బావిని, వంటగదిని, బిడ్డల పెళ్ళి సంబంధాలని కూడా పంచుకుంటారు గానీ డిజైను పంచుకోరు.

అలా ఉండగా కంప్యూటరు ఒకరోజు టిక్కు టిక్కుమని శబ్దం చేసి ఆగిపోయింది. మా ఊరి మెకానిక్కు హార్డ్ డిస్కు ఊడదీసి వెండి రంగు కవర్లో పెట్టిచ్చాడు. "ఇంక దీన్ని ఎవరూ ఆన్ చెయ్యకండి. చేసినకొద్దీ పాడవుద్ది. హైదరాబాదులో ఆబిడ్స్ తీసుకెళ్ళండి, అక్కడైతే బయటికి లాగుతారు" అన్నాడు.

అమ్మమ్మ దాన్ని బిస్కట్ల డబ్బాలో పెట్టి, చుట్టూ దూది కూరి, మూత పెట్టింది. "నేనూ వస్తాను" అంది.

రైల్లో

నరసాపురంలో సాయంత్రం ఎక్కితే పొద్దుటికి నాంపల్లిలో దింపే రైలు మాది. బయల్దేరేముందు ఇంట్లో ప్రయాణ ప్రార్థన చేశారు. అమ్మ మా ఇద్దరి పేర్లూ చెప్పి, డబ్బా మీద చెయ్యి పెట్టి, "ఈ డబ్బాలో ఉన్నదాన్ని కూడా నీ చేతికి అప్పగిస్తున్నాము తండ్రీ" అంది. నాకు నవ్వొచ్చింది. అమ్మమ్మ మాత్రం ఆమెన్ గట్టిగా చెప్పింది.

భీమవరంలో ఎక్కిన ఒక కుటుంబం పులిహోర పొట్లాలు విప్పి మాకూ పెట్టారు. వాళ్ళావిడ డబ్బా చూసి, "ఏంటండీ మామ్మగారూ, పూతరేకులా?" అని అడిగింది.

"కాదమ్మా, నా పని" అంది అమ్మమ్మ.

ఆవిడకి ఏమర్థమైందో గానీ ఇంక అడగలేదు. డబ్బా సీటు కింద పెడదామంటే అమ్మమ్మ వినలేదు. తలకింద పెట్టుకుని పడుకుంది.

నాంపల్లి

నాంపల్లి స్టేషను చివరి స్టేషను. పట్టాలు అక్కడితో అయిపోతాయి. మా నరసాపురంలోనూ అంతే. రెండు కొసలకీ మధ్య ఇంత దేశం ఉందా అనుకున్నాను. స్టేషను బయట దర్గాకి తీసుకెళ్ళే గులాబీ పూల చాదర్లు అమ్ముతున్నారు. ఆ వాసన పీల్చి అమ్మమ్మ, "పెళ్ళివారిల్లు ఉందేంటే ఇక్కడ?" అంది.

మేము దిగింది చిన్నమ్మమ్మ ఇంట్లో. అమ్మమ్మకి స్వయానా చెల్లెలు. భర్తకి ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగం రావడంతో పెళ్ళైన కొత్తల్లోనే హైదరాబాదు వచ్చేసి ఈ సందులోనే ముసలిదైంది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. కానీ మధ్యలో ఒక ద్రాక్షగుత్తి ఉంది. ఎప్పుడో పురిటికి పుట్టింటికి వచ్చినప్పుడు చిన్నమ్మమ్మ అక్క అల్లుతున్న ద్రాక్షగుత్తి అంచు చూసి, ఇక్కడికొచ్చాక అదే అల్లి అమ్మిందట. ఏజెంటు ఆ ముక్క తెచ్చి అమ్మమ్మకే చూపించాడట. అప్పటి నుంచి చెల్లెలు వస్తే అమ్మమ్మ తువ్వాలు ఇంకాస్త పెద్దదయ్యేది. ఆ మాట ఇద్దరూ ఎప్పుడూ ఎత్తుకోలేదు.

చిన్నమ్మమ్మ గుమ్మంలోనే అందుకుంది. "వందనాలక్కా! ఏంటి, డబ్బా అలా చంకలో పెట్టుకున్నావు? నాకు కనపడకుండానా?"

"నాకే కనపడదు, నీకు దాచేదేముందే!" అంది అమ్మమ్మ. కానీ డబ్బా రెండో చంకలోకి మార్చుకుంది.

టిఫిను చేసే ఓపిక లేదని చిన్నమ్మమ్మ మమ్మల్ని వీధి చివరి ఇరానీ హోటలుకి తీసుకెళ్ళింది. మా వైపు ఇంత వయసున్న ఆడవాళ్ళు హోటల్లో కూర్చుని టీ తాగితే వింత. ఇక్కడ ఎవరూ తల తిప్పలేదు. టీ చిక్కగా, పాలకోవా కరిగించినట్టు ఉంది. ఉస్మానియా బిస్కట్టు తీపో ఉప్పో తేల్చుకోలేక అమ్మమ్మ మూడు తింది. తేల్చుకోవడానికి నాలుగోది కూడా కావాలంది.

చిరాగ్ అలీ లేన్

కంప్యూటరు కొట్లన్నీ ఆబిడ్స్‌లో ఈ సందులోనే ఉంటాయని చెప్పారు. మా ఊళ్ళో ఫలానావారి ఇల్లు అంటే చాలు, చెయ్యి పట్టుకుని దింపుతారు. ఇక్కడ నేను అడిగితే ఎవరికీ వినపడలేదు. మూడోసారి కూడా నా గొంతు ఆటో హారన్ల కింద నలిగిపోయింది. చివరికి అమ్మమ్మ నా భుజం పట్టుకుని, "బాబూ! పాడైపోయిన కంప్యూటర్లు బాగుచేసేది ఎక్కడయ్యా?" అని ఒక్క కేక పెట్టింది. నలుగురు నాలుగు వైపులు చూపించారు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది గానీ, ఆ నాలుగింటిలో ఒకటి సరైనదే.

మెట్లెక్కి వెళితే మేడమీద ఇరుకు గది, విప్పిన కంప్యూటర్ల మధ్య యాదగిరి అనే నడివయసు మనిషి. డిస్కుని తన యంత్రానికి తగిలించి, చెవి దగ్గర పెట్టుకుని, కాసేపు విన్నాడు. టిక్కు. టిక్కు.

"ముసల్దైందమ్మా డిస్కు. గట్టిగ అడిగితే సతాయిస్తది. మెల్లగ అడిగితే ఇస్తది. జర టైం పడ్తది. పెట్టిపొయ్యి రేపు రాన్రి."

"పెట్టి వెళ్ళడమా?" అంది అమ్మమ్మ. "నేనిక్కడే కూర్చుంటాను."

"గీడ ఏం జేస్తవ్ పెద్దమ్మా? పొద్దుందాక కూసుంటవా?"

"నీకేం అడ్డం రాను. మీ ఇంట్లో ఆడవాళ్ళెవరైనా లేసు పని చేస్తారా బాబూ?"

యాదగిరి నవ్వాడు. "మా ఇంట్ల లేసంటే పోరగాని బూట్లకు కట్టేదే."

అమ్మమ్మకి ధైర్యం వచ్చింది. స్టూలు మీద సర్దుకు కూర్చుంది.

పని ఎలా జరిగిందో చెబుతాను. ఎవరికైనా ఉపయోగపడొచ్చు. ఆ డిస్కు మీద కొత్తగా ఏమీ రాయకుండా, ఉన్నది ఉన్నట్టు కొంచెం కొంచెంగా వేరే డిస్కులోకి ఎత్తిపోస్తాడు. చదవని చోటు వస్తే దాన్ని వదిలి ముందుకు వెళ్ళి, చివర మళ్ళీ వెనక్కి వస్తాడు. వేడెక్కితే ఆపి, బల్లఫ్యాను తిప్పి, చల్లారాక మళ్ళీ మొదలు. "బంద్ పెట్టి తెచ్చిన్రు, గందుకే నయమైంది. మీరు ఇంట్ల మళ్ళ మళ్ళ ఆన్ జేసుంటే ఖతం" అన్నాడు. అమ్మమ్మ మధ్యమధ్యలో, "ఎంతవరకొచ్చింది నాయనా?" అంటుంది. ఆయన, "వస్తాంది, వస్తాంది, ఫికర్ చెయ్యకు" అంటాడు. ఉడుకుతున్న అన్నం గురించి మాట్లాడుకుంటున్నట్టుంది వాళ్ళిద్దరి మాట.

సాయంత్రానికి సగం వచ్చింది. కొట్టు మూసేటప్పుడు మాత్రం తప్పలేదు. అమ్మమ్మ డిస్కు అక్కడే వదిలింది. డబ్బా మాత్రం తెచ్చుకుంది.

మొజంజాహీ మార్కెట్

ఆవిడ దిగులు చూడలేక, మొజంజాహీ మార్కెట్‌కి తీసుకెళ్ళి సీతాఫలం ఐస్‌క్రీము పెట్టించాను. నల్లరాతి మార్కెట్టు, కమానుల కింద పళ్ళు, రోడ్డు మీదికి కుర్చీలు. మా ఊళ్ళో సీతాఫలం అంటే గింజలు ఉమ్ముకుంటూ తినేదే. ఇక్కడ ఒక్క గింజ లేదు. "గింజలన్నీ ఎవరు తీశారే? ఎంత ఓపిక!" అంది అమ్మమ్మ. ఓపికగా చేసిన పని ఎక్కడున్నా ఆవిడ మర్యాద చేస్తుంది. కప్పు అడుగు దాకా గీరి తిన్నది.

"రాకపోతే?" అంది కాసేపటికి.

ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. "నెమలి వేళ్ళకి గుర్తుంది. మిగతావి చూస్తే గానీ రావు. నా తరవాత ఎవరు అల్లినా అల్లకపోయినా, అల్లుదామంటే ఉండాలి కదే."

డిజైన్లు ఎవరి కంటా పడకూడదనే మనిషి నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

మర్నాడు మధ్యాహ్నానికి పని పూర్తయింది. యాదగిరి ఫొటోలు తెరిచి సరిచూడబోతే అమ్మమ్మ, "బాబూ, ఏమనుకోకు, కాస్త అటు తిరుగుతావా" అంది. ఆయన కుర్చీ తిప్పుకుని, గోడకేసి చూస్తూ టీ తాగాడు. నేను ఒక్కొక్కటే తెరిచాను. నెమలి ఉంది. అనాస ఉంది. అమ్మమ్మ చేతులూ, సూదీ, తువ్వాలూ ఉన్నాయి. కొన్ని ఫొటోలు సగం బూడిద రంగుగా వచ్చాయి. శంఖాల అంచు ఒక్కటి పూర్తిగా పోయింది. చెబితే అమ్మమ్మ ఒక నిట్టూర్పు విడిచి, "పోనీలే, అది నాకూ అంతగా నచ్చలేదు" అంది.

అన్నీ రెండు సెట్ల డీవీడీల మీద రాసిచ్చాడు. దేనికి దానికి గట్టి పెట్టె. మీద కాగితాలు అంటించవద్దన్నాడు, ఎండ తగలనివ్వద్దన్నాడు. అసలు మాట చివర్న చెప్పాడు.

"రెండూ ఒక్క బీరువల పెట్టకున్రి. మీది గోదావరి పక్కన గదా. నీళ్ళొస్తే రెండూ పోతయి. ఒకటి వేరే ఊర్ల ఉండాలె. ఇంకోటి, ఏడాదికొకసారి తెర్చి అన్నీ చూస్తుండాలె. ఇవి కూడ పాడైతయి. చూస్తుంటెనే ఎర్కైతది, పాడయ్యే ముందే కొత్తది జేస్కోవచ్చు."

మెట్లు దిగుతూ అమ్మమ్మ డబ్బాని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంది. నాకు తెలుసు, ఆవిడ ఏ ఇల్లు అని వెతుకుతోంది. మావయ్య మస్కట్‌లో కిరాయి గదిలో ఉంటాడు. నరసాపురం బయట మాకు ఉన్న ఇల్లు ఒక్కటే. అందులో ద్రాక్షగుత్తి ఉంది.

ఆదివారం, ఆబిడ్స్

ఆదివారం ఆబిడ్స్‌లో కొట్లు మూసేస్తారు. మూసిన తలుపుల ముందు కాలిబాట పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. ఈ సంగతి ఎప్పుడో చదివి డైరీలో రాసుకున్నాను. కళ్ళతో చూస్తానని అనుకోలేదు. చర్చి అవగానే ముగ్గురం వెళ్ళాం. పుస్తకాల దగ్గర ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, వంగి చూడొచ్చు, ఎంతసేపైనా చూడొచ్చు. నాలాంటివాళ్ళ కోసమే ఎవరో కనిపెట్టిన బజారు అది. నేను రెండు నవలలు తీసుకున్నాను. బేరం చిన్నమ్మమ్మ ఆడింది. నేనైతే చెప్పిన ధర ఇచ్చి, పైగా థాంక్స్ చెప్పి వచ్చేదాన్ని.

ఆ గుట్టల్లో అట్ట వెలిసిన ఒక ఇంగ్లీషు కుట్టుపని పత్రిక దొరికింది. లోపల లేసు బల్లగుడ్డ బొమ్మ, పక్కనే గళ్ళకాగితం మీద మొత్తం డిజైను. ఏ వరసలో ఎన్ని గొలుసులో, ఎక్కడ తిప్పాలో అన్నీ. నేను చదివి వినిపిస్తే అమ్మమ్మ నమ్మలేదు.

"మొత్తం చెప్పేసిందా? దాచుకోకుండా?"

"మొత్తం ఉంది అమ్మమ్మా. కింద ఆవిడ పేరు కూడా వేశారు."

"మరి ఆవిడ బతికేదెలాగే?"

"ఆవిడ బతికి పోయి ఎన్నాళ్ళైందో అక్కా" అంది చిన్నమ్మమ్మ. "పుస్తకం చూడు, మనకంటే ముసలిది."

కొట్టతను చూసి, "కావాల్నా అమ్మా? గసుంటివి ఇంక శానా ఉన్నయి గోనెల" అన్నాడు.

అమ్మమ్మ ఆ పేజీ మీద వేలు పెట్టింది. అచ్చు కాగితం నున్నగా ఉంటుంది, ఏమీ తెలియదు. అయినా అంచు వెంట వేలు నడిపించింది. కొనాలా వద్దా అని చిన్నమ్మమ్మ అడిగింది. ఆ వేలు ఇంకా అంచు మీదే ఉంది. నేను కొన్నాను.

మళ్ళీ నాంపల్లి

సాయంత్రం సామాను సర్దుతుంటే అమ్మమ్మ డబ్బా మూత తీయమంది. దూది తోసి రెండు పెట్టెల్లో ఒకటి బయటికి తీసింది. చిన్నమ్మమ్మ గోంగూర ఒలుస్తోంది.

"ఇదిగోనే. నీ దగ్గరుంచు."

చిన్నమ్మమ్మ ఆకులు వదిలేసి చెంగుకి చేతులు తుడుచుకుంది. అందుకోలేదు. "నా దగ్గరా?"

"వేరే ఊళ్ళో ఒకటుండాలన్నాడు. నాకు వేరే ఊళ్ళో నువ్వే ఉన్నావు."

ఆ పాత మాట అప్పుడు వస్తుందేమోనని నేను పుస్తకంలోకి తల దూర్చాను. చిన్నమ్మమ్మ పెట్టె అందుకుంది.

"బైబిలు పక్కన పెడతాలే అక్కా. తాళం వేసి. ప్రమాణంగా చెబుతున్నా, నేను చూడను."

"చూడకపోతే ఎందుకే నీకివ్వడం?" అంది అమ్మమ్మ. ఆవిడ గొంతు కాస్త కసిరినట్టే ఉంది. "ఏడాదికొకసారి తెరిచి అన్నీ చూడాలట. లేకపోతే లోపలే పాడైపోతాయట. మీ అబ్బాయి కంప్యూటర్లో పెట్టించుకో. పైపైన కాదు, ఒక్కొక్కటీ చూడు. ఏ వరస సగంలో ఆగిందో నీకైతే తెలుస్తుంది, దీనికి తెలియదు." దీనికి అంటే నాకు.

చిన్నమ్మమ్మ ముక్కు ఎగబీల్చింది. "ద్రాక్షగుత్తి కూడా ఉందా ఇందులో?"

"అది నీకు వచ్చుగా!" అంది అమ్మమ్మ.

ముందు ఎవరు నవ్వారో తెలియదు. నేను తలెత్తేసరికి ఇద్దరూ నోళ్ళకి చెంగులు అడ్డం పెట్టుకుని ఊగిపోతున్నారు. ఆ రాత్రి గోంగూర పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. అయినా గిన్నె ఖాళీ చేశాం.

నరసాపురం

తిరిగొచ్చి చాలా రోజులు కాలేదు. కంప్యూటర్లో కొత్త డిస్కు వేయించి ఫొటోలు ఎక్కించాం. మా సెట్టు డీవీడీలు బీరువాలో పై అరలో ఉన్నాయి. ఇప్పుడు ఏ ఫొటో తీసినా, రెండు చోట్ల ఉందని చూసుకున్నాకే కెమెరా కార్డు తుడుస్తాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఫోను మోగింది. చిన్నమ్మమ్మ. ఏడాది ఆగమంటే వారం మించి ఆగలేకపోయింది. పలకరింపులు కూడా లేవు.

"అక్కనివ్వవే." రిసీవరు ఇచ్చాను, గొంతు బయటికే వినపడుతోంది. "అక్కా, ఆ నెమలి మెడ దగ్గర ఎలా తిప్పావే? మూడుసార్లు చూశాను, అంతుపట్టలేదు. అక్కడ నూలు తెంచావా, తెంచలేదా?"

అమ్మమ్మ రిసీవరు చెవికి నొక్కుకుంది. ఆ మెడ మలుపు అమ్మకి చెప్పలేదు, ఏజెంటుకి చెప్పలేదు, ఫొటో తీసిన నాకూ చెప్పలేదు. అలవాటు కొద్దీ వీధి తలుపు వైపు ఒకసారి తల తిప్పింది. తలుపు తీసే ఉంది. పక్కింటావిడ అరుగు మీద లేసు అల్లుకుంటోంది.

"తెంచకూడదు" అంది అమ్మమ్మ, ఉన్న గొంతుతోనే. "తెంచావంటే మెడ వాలిపోద్ది. విను. ఐదు గొలుసులు వేసి, వెనక్కి తిప్పి..."

చెబుతూ చెబుతూ రిసీవర్ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులూ ఒళ్ళోకి తెచ్చుకుంది. సూది లేదు, నూలు లేదు. వేళ్ళు మాత్రం గాల్లో నెమలి మెడ తిప్పుతున్నాయి. అవతల నాంపల్లిలో చిన్నమ్మమ్మకి అవి కనపడవు. "ఊఁ... ఊఁ... తరవాత?" అని మాత్రం వినపడుతోంది.